20 నెలల బాబుకి జ్వరం, ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు, ఎప్పుడు బయలుదేరాలి?

లంక కోడలు (రాజోలు వైపు):

నమస్తే అండీ అందరికీ. మాది రాజోలు దగ్గర లంక ఊరు. మా బాబుకి 20 నెలలు, పోయిన నెల అంగన్‌వాడీలో తూస్తే పదిన్నర కిలోలు ఉన్నాడు. నిన్న దీపాలు పెట్టే వేళ నుంచి ఒళ్ళు కాలిపోతోంది, చంకలో పెట్టి చూస్తే 102.6 ఉంది, మందు పోస్తే 100కి దిగుతోంది మళ్ళీ ఐదారు గంటలకి ఎక్కేస్తోంది. దిగినప్పుడు బానే ఉంటున్నాడు, పెరట్లో కోళ్ళ వెనకాల పడుతున్నాడు కూడా, ఎక్కినప్పుడు మాత్రం చంక దిగట్లేదు. ముక్కు కొంచెం కారుతోంది, దగ్గు లేదు, వాంతులు విరేచనాలు ఏమీ లేవు.

ఇంట్లో తలో మాట అండీ. మా అత్తయ్య గారేమో పళ్ళ జ్వరం, రెండు దుప్పట్లు కప్పి ఫ్యాన్ ఆపేస్తే చెమట పట్టి పోద్ది అంటారు, అన్నం పెట్టొద్దు లంఖణం పరమౌషధం అంటారు. మావయ్య గారు ఊళ్ళో ఆర్ఎంపీ గారిని పిలిచి ఒక సూది వేయిస్తే పొద్దుటికి లేచి తిరుగుతాడు అంటారు. మా ఆయన గల్ఫ్‌లో ఉంటారు, వీడియో కాల్‌లో ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళు అని ఒకటే గోల. వరద మొన్నే తీసింది, కాజ్‌వే మీద బురద ఇంకా పోలేదు, రాత్రి పూట చంటోణ్ణి బండి మీద పెట్టుకుని బయలుదేరాలంటే నాకు గుండె దడ.

నాకు తెలియాల్సింది ఏంటంటే ఎంత డిగ్రీలు దాటితే పరిగెత్తాలి, నిద్రలో లేపి మందు పొయ్యాలా, తడిగుడ్డ చల్లనీళ్ళదా వేణ్ణీళ్ళదా. ఇంకోటి, ఇంట్లో రెండు సీసాలున్నాయి రెండిటి మీదా పారాసిటమాల్ అనే ఉంది, ఒకటి చిన్నది డ్రాపర్‌తో, ఇంకోటి పెద్దది కప్పుతో, నేను పెద్దదే పోస్తున్నా. రెండూ ఒకటేనా? మా ఆడపడుచు కొడుక్కి పోయినేడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి, అదొక భయం లోపల తొలిచేస్తోంది.

భీమవరం బాబాయ్:

ఆయ్, ముందు ఆ దుప్పట్లు తీసెయ్యండి చెల్లెమ్మా. ఒళ్ళు కాలుతున్న పిల్లాడికి రెండు దుప్పట్లేంటండీ, వేడి బయటికి పోయే దారి లేక ఇంకా ఎక్కుద్ది. పల్చని కాటన్ చొక్కా, ఫ్యాన్ మామూలుగా, కిటికీ తెరిచి. ఒణుకుతున్నప్పుడు మాత్రం ఒక పల్చని దుప్పటి కప్పి, ఒణుకు ఆగాక తీసెయ్యండి. చంకలో చూస్తున్నారు కదా అదే మంచిది, ఆ నుదుటి మీద పేల్చే గన్ను ఒకటుంది చూశారూ, ఎండలోంచి లోపలికొస్తే నాకే 101 చూపించింది. మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు.

పిల్లల వార్డు సిస్టర్ (రిటైర్డ్, అమలాపురం):

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ రెండు సీసాలూ దీపం దగ్గర పెట్టుకుని లేబుల్ మీద చిన్న అక్షరాలు చదివి ఇక్కడ రాయి. "ఎన్ని ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ" అని ఉంటుంది. అది రాస్తే అప్పుడు చెప్తాను.

లంక కోడలు:

చూశానండీ సిస్టర్ గారూ. చిన్నదాని మీద 1 ఎంఎల్‌కి 100 ఎంజీ అనుంది. పెద్దదాని మీద 5 ఎంఎల్‌కి 250 ఎంజీ. పెద్దదాంట్లోంచి రెండున్నర ఎంఎల్ పోస్తున్నాను, టీకా వేసినప్పుడు డాక్టర్ గారు రాసిన చీటీలో అంతే ఉంది.

పిల్లల వార్డు సిస్టర్:

సరిపోయింది, అలాగే పొయ్యి. ఇప్పుడు అందరూ వినండి, ఎందుకంటే వార్డులో నేను చూసిన పారాసిటమాల్ గొడవల్లో చాలావరకు ఈ రెండు సీసాల దగ్గరే వచ్చాయి. చిన్న సీసా చిన్నపిల్లలది కాబట్టి పల్చగా ఉంటుందనుకుంటారు, కాదు, అదే చిక్కన. 1 ఎంఎల్‌లోనే 100 ఎంజీ. పెద్ద సీసాల్లో 5 ఎంఎల్‌కి 120 ఉండేవీ ఉన్నాయి, 125వీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి, పేరు ఒకటే అట్ట ఒకటే, రంగు కూడా ఒకలాగే ఉంటుంది ఒక్కోసారి. సిరప్ పోసినట్టు డ్రాప్స్ 5 ఎంఎల్ పోశారనుకో, పది కిలోల పిల్లాడికి ఒక్క దెబ్బకి 500 ఎంజీ వెళ్ళిపోయింది, అది లివర్ మీద పడుతుంది. డ్రాప్స్ సీసా ఇప్పుడే తీసుకెళ్ళి బీరువాలో పెట్టెయ్, అర్ధరాత్రి నిద్రకళ్ళతో తడుముకునే చోట రెండూ ఉండకూడదు.

లెక్క చెప్తాను. కిలోకి 10 నుంచి 15 ఎంజీ, ఒక డోసుకి. మీ వాడు పదిన్నర కిలోలు అంటే 105 నుంచి 157 మధ్యలో. నువ్వు పోస్తున్న రెండున్నర ఎంఎల్ అంటే 125, బానే ఉంది. ఆరు గంటలకోసారి అనుకో, మరీ అయితే నాలుగు గంటల గ్యాప్ తక్కువ కాకుండా, రోజుకి నాలుగు సార్లు మించకుండా. వయసుని బట్టి కాదు బరువుని బట్టి, సంవత్సరం దాటిన వాళ్ళలో ఏడు కిలోలవాళ్ళూ ఉంటారు పన్నెండు కిలోలవాళ్ళూ ఉంటారు. వంటింటి చెంచాతో కొలవొద్దు, సీసాతో వచ్చిన కప్పు గానీ సూది లేని సిరంజి గానీ. పోసిన టైము గోడ మీద క్యాలెండర్లో రాసెయ్, లేకపోతే నువ్వొకసారి మీ అత్తగారొకసారి పోసేస్తారు.

నిద్రపోతున్నవాణ్ణి లేపి మందు పొయ్యక్కర్లేదమ్మా. మందు జ్వరం అంకె దించడానికి కాదు, పిల్లాడికి ఒళ్ళు నొప్పులూ చికాకూ తగ్గి నాలుగు గుక్కలు తాగడానికి. హాయిగా పడుకున్నాడంటే దాని పని అయిపోయినట్టే. 102 ఉన్నా ఆడుకుంటున్నాడంటే వాడి జోలికి పోకు.

తడిగుడ్డ సంగతి. ఐస్ నీళ్ళు, ఫ్రిజ్ నీళ్ళు వద్దు, ఒళ్ళు ఝల్లుమని ఒణుకు పుట్టి లోపల వేడి ఇంకా పెరుగుతుంది. స్పిరిట్ అసలు రాయకూడదు. మందు పోశాక అరగంటకి కూడా చికాకుగా ఉంటే గోరువెచ్చని నీళ్ళతో గుడ్డ తడిపి పిండి మెడ, చంకలు, గజ్జలు తుడువు, వాడు ఏడిచి గింజుకుంటే ఆపెయ్. తుడవకపోయినా నష్టమేం లేదు.

ఇంక ఎన్ని డిగ్రీలకి పరిగెత్తాలి అన్నావు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 వస్తే ఇంక ఆలోచన లేదు, అప్పుడే వెళ్ళాలి. మూడు నుంచి ఆరు నెలల వాళ్ళకి 102 వస్తే అదే రోజు చూపించాలి. మీ వాడి వయసుకి అంకె ఒక్కటే చూడకు, 103 ఉండి కోళ్ళని తరిమేవాడి కంటే 101 ఉండి మగతగా పడున్నవాడు నాకు ఎక్కువ భయం. వాణ్ణి చూడు. లేపితే కళ్ళు తెరిచి నిన్ను గుర్తుపట్టట్లేదా, ఎత్తుకున్నా సముదాయించలేనట్టు గుక్కపట్టి ఏడుస్తున్నాడా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నాడా, ఆరేడు గంటలైనా ఉచ్చ పొయ్యలేదా, మెడ బిగిసిందా, ఒంటి మీద నొక్కినా పోని ఎర్ర, ఊదా మచ్చలు వచ్చాయా, చేతులూ కాళ్ళూ చల్లబడి మొహం పాలిపోయిందా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రయినా వెళ్ళాల్సిందే.

ఊపిరి కూడా చూడు. నిద్రపోయేటప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట దగ్గర ఫోన్లో టైము పెట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టు. ఏడాది దాటినవాడికి నిమిషానికి 40, ఏడాది లోపు వాడికి 50, ఆ పైన ఉంటే ఊపిరి ఎక్కువ తీసుకుంటున్నట్టు. డొక్కలెగరేస్తుంటే, అంటే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే, లెక్కపెట్టడం కూడా అక్కర్లేదు బయలుదేరిపో.

ఇవేవీ లేకపోతే ఈ రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కానీ లంకలో ఉన్నావు కాబట్టి ఒక మాట. మా అమలాపురం వాళ్ళకైతే రేపు సాయంత్రం దాకా చూద్దాం అంటాను. నీకు కాజ్‌వే ఉంది, చీకటి ఉంది. రేపు పొద్దున్న ఇంకా జ్వరం ఉంటే, వాడు ఎంత హుషారుగా ఉన్నా సరే, పగటిపూట వెలుగులోనే వెళ్ళి పిల్లల డాక్టర్‌కి చూపించుకునిరా.

పాలకొల్లు నాని:

ఇంత హడావుడి ఎందుకండీ, మా చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా, రెండు రోజులు లంఖణం పెట్టి మిరియాల కషాయం తాగిస్తే దిగిపోయేది. ఇప్పుడు సీజన్ డెంగ్యూ కాబట్టి బొప్పాయి ఆకు రసం రెండు చెంచాలు పొయ్యండి ప్లేట్‌లెట్లు పడకుండా ఉంటాయి, యాంటీబయోటిక్ సిరప్ కూడా ఒకటి మొదలెట్టేస్తే సేఫ్.

మెడికల్ షాప్ తమ్ముడు (తణుకు):

నాని గారూ కౌంటర్ మీద రోజూ ఇదే పంచాయితీ అండీ నాకు. జ్వరానికి యాంటీబయోటిక్ ఇయ్యి అంటారు. పిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్లే, వాటి మీద యాంటీబయోటిక్ పనిచెయ్యదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి, తర్వాత నిజంగా టైఫాయిడో న్యుమోనియానో అయితే టెస్టులో దొరక్కుండా పోద్ది. బొప్పాయి ఆకు చేదుకి చంటిపిల్లలు కక్కేస్తారు, అసలే నీరసంగా ఉన్నవాడు లోపలున్న నీళ్ళు కూడా పోగొట్టుకుంటాడు.

అక్కా మీకు ఒకటి చెప్పాలి. జ్వరం దిగట్లేదని ఎవరైనా ఇంకో సిరప్ ఇస్తే తెచ్చుకోకండి. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపినవి ఉంటాయి, ఇంట్లో అప్పటికే పారాసిటమాల్ పోస్తుంటారు, డబుల్ అయిపోద్ది. పైగా డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్ ముట్టుకోకూడదు, రక్తం కారే ప్రమాదం పెరుగుద్ది. మెఫెనమిక్ యాసిడ్ సిరప్ మన వైపు తెగ అడుగుతారు గట్టిది అని, దాని మీద 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషనే హెచ్చరిక ఇచ్చింది, అరుదుగానే అయినా దద్దుర్లతో తీవ్రమైన రియాక్షన్ వస్తుందని. నిమెసులైడ్ అయితే 12 ఏళ్ళ లోపు పిల్లలకి 2011లోనే ఆపేశారు. యాస్పిరిన్ పిల్లల జ్వరానికి అసలు వద్దు. జలుబు సిరప్పుల్లో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపినవి నాలుగేళ్ళ లోపు వాళ్ళకి వాడొద్దని లేబుల్ మీద వెయ్యమని 2023 డిసెంబర్లో ఆర్డర్ వచ్చింది, వాటిలో కొన్నిట్లో పారాసిటమాల్ కూడా దాక్కుని ఉంటుంది. డోలో, కాల్‌పాల్, క్రోసిన్ మూడూ పారాసిటమాలే, మూడు వేరు వేరు మందులనుకుని మార్చి మార్చి పోసేవాళ్ళని చూశాను.

బుజ్జి వాళ్ళమ్మ (మండపేట):

ఫిట్స్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను, మా పాపకి ఏడాదిన్నరప్పుడు వచ్చాయి. ఒళ్ళో కూర్చుని పాలు తాగుతున్నదల్లా ఒక్కసారి కళ్ళు పైకి తేలేసి చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలెట్టింది, నోట్లోంచి నురగ. నాకు పిల్ల పోయిందనే అనిపించింది. మా పెద్దమ్మ తాళాలగుత్తి చేతిలో పెట్టింది, పక్కింటావిడ ఉల్లిపాయ తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది, ఎవరో పళ్ళ మధ్య చెంచా పెట్టబోతే మా తమ్ముడు లాగేశాడు. అది నిజానికి రెండు మూడు నిమిషాలే అంట, నాకు మాత్రం ఓ గంట.

తర్వాత డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పిందేంటంటే, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి జ్వరంలో ఇలా వస్తాయి, చూడ్డానికి భయంకరంగా ఉన్నా మామూలుగా బ్రెయిన్‌కి ఏమీ కాదు. వచ్చినప్పుడు కింద చాప మీద ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నురగా వాంతీ బయటికి పోయేలా. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్ళు మందు కూడా పొయ్యకూడదు, గట్టిగా పట్టుకోకూడదు, ఇనుము, ఉల్లిపాయ వల్ల ఏమీ అవ్వదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే, లేదా ఆగి మళ్ళీ వస్తే, లేదా ఒక పక్కే కొట్టుకుంటే 108. మొదటిసారి వస్తే ఆగిపోయినా సరే హాస్పిటల్‌లో చూపించాలి, మెదడువాపు లాంటిది కాదని వాళ్ళు తేల్చాలి.

ఇంకో ముక్క, పారాసిటమాల్ గంట గంటకీ పోస్తే ఫిట్స్ రాకుండా ఉంటాయనుకుంటారు, అలా ఏం ఆగవంట. మళ్ళీ వచ్చే అవకాశం ముగ్గురిలో ఒకరికి ఉంటుందన్నారు, మాకు మళ్ళీ రాలేదు. ఆడపడుచు కొడుక్కి వచ్చినంత మాత్రాన మీ వాడికి రావాలని లేదు, కాకపోతే డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి.

లంక కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. రాత్రి రెండింటప్పుడు 103 దాకా వెళ్ళింది, లేచి ఏడిస్తే మందు పోశాను, అరగంటకి పడుకున్నాడు, ఊపిరి లెక్కపెడితే 32 వచ్చింది. డ్రాప్స్ సీసా తీసి దాచేశా. సిస్టర్ గారు చెప్పినట్టే పొద్దున్నే వెలుగొచ్చాక వెళ్ళి చూపించాం. గొంతు, చెవులు చూశారు, యూరిన్ టెస్ట్ ఒకటి, రక్తం తీసి డెంగ్యూ ఎన్ఎస్1 చేశారు, నెగెటివ్ వచ్చింది, ఇప్పటికి వైరల్‌లా ఉంది అదే మందు పొయ్యమన్నారు. జ్వరం ఉంటే ఎల్లుండి మళ్ళీ రమ్మన్నారు. సూది వెయ్యలేదని మావయ్య గారికి కొంచెం అసంతృప్తి.

తిండి సంగతి అడగడం మర్చిపోయా, ఏమీ తినట్లేదు, పాలు కూడా సగమే.

పిల్లల వార్డు సిస్టర్:

రెండు రోజులు తినకపోతే ఏం కాదు, తాగాలి. లంఖణం పెద్దవాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ చంటిపిల్లల్ని పస్తు పెట్టకూడదు. గంటకోసారి నాలుగు చెంచాలు, గంజి గానీ సగ్గుబియ్యం జావ గానీ మజ్జిగ గానీ, కోనసీమలో ఉండి బొండానికి లోటేంటి, అప్పుడే కొట్టించి పట్టు. తల్లిపాలు తాగుతుంటే అడిగినప్పుడల్లా ఇయ్యి. అడిగితే చారన్నం, ఇడ్లీ, ఏది అడిగితే అది. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్‌ని లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసుకి ఇంత అని చిటికెడు చిటికెడు కలపకూడదు. వరద తర్వాత మంచినీళ్ళ చెరువు నీళ్ళు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు, ఇంటిల్లిపాదీ కాచి తాగండి.

ఎన్ఎస్1 నెగెటివ్ వచ్చిందని పూర్తిగా నిశ్చింతగా ఉండకు. జ్వరం దిగిపోయిన రోజు అందరూ హమ్మయ్య అనుకుంటారు, డెంగ్యూ అయితే మాత్రం ప్రమాదం అప్పుడే మొదలవుతుంది, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో. జ్వరం పోయి కూడా వాడు డీలాగా పడుంటే, కడుపు పట్టుకుని ఏడిస్తే, ఆగకుండా వాంతులైతే, చిగుళ్ళలోంచి ముక్కులోంచి రక్తం వస్తే, చేతులూ కాళ్ళూ చల్లగా తగిలితే అప్పుడే వెళ్ళాలి. జ్వరం పోయి హుషారుగా ఉండి పొట్ట మీద వీపు మీద సన్నని గులాబీ రంగు పేలినట్టు వస్తే, ఈ వయసులో రోజియోలా అని ఒక వైరస్ ఉంది, అదీ అవ్వొచ్చు, రెండు మూడు రోజుల్లో పోతుంది. తట్టు అయితే జ్వరం ఎక్కువగా ఉండగానే, కళ్ళెర్రబడి దగ్గుతో, చెవుల వెనక నుంచి మొదలవుతుంది. ఏదైనా సరే డాక్టర్‌కి చూపించు, అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి ఇంట్లో కూర్చోవద్దు.

పెరట్లో కొబ్బరి చిప్పలు, డొక్కల గుట్ట ఉంటాయి కదా, వాటిలో వాననీళ్ళు నిలిస్తే డెంగ్యూ దోమకి అంతకంటే ఏం కావాలి. అది మురికి కాలువలో గుడ్లు పెట్టే దోమ కాదు, పగలు కుట్టే దోమ. మీ మావయ్య గారికి సూది లేదన్న బాధ తీరేలా ఈ పని అప్పజెప్పు, చిప్పలన్నీ బోర్లించమను. పగలు నిద్రకి కూడా దోమతెర కట్టు.

యానాం కొత్తమ్మ:

అక్కా మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా పాపకి నెల దాటింది, ఇంకా నెలన్నర టీకా వెయ్యలేదు. పొద్దున్న నుంచి పాలు సరిగ్గా పట్టట్లేదు, ఇప్పుడు చంకలో చూస్తే 100.8. దగ్గు జలుబు ఏమీ లేవు. పైన చెప్పిన లెక్క ప్రకారం డ్రాప్స్ ఎంత పొయ్యాలి?

పిల్లల వార్డు సిస్టర్:

పొయ్యకు. పైన చెప్పిన లెక్క నీ బిడ్డకి కాదు. ఇంత చిన్నబిడ్డకి ఈ జ్వరం, పాలు పట్టకపోవడం రెండూ కలిస్తే రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి, అది హాస్పిటల్‌లోనే తేలుతుంది. మందు పోస్తే జ్వరం దిగిపోయి అక్కడ వాళ్ళకి తెలియకుండా పోతుంది. రేపటిదాకా ఆగొద్దు, ఎవర్నీ అడగొద్దు, పెద్దాసుపత్రికి, పిల్లల డాక్టర్ రాత్రి కూడా ఉండే చోటికి ఇప్పుడే బయలుదేరు. బండి లేకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్. ఒక పల్చని గుడ్డలో చుట్టి గుండెకి ఆనించుకో, దారిలో పాలు పట్టే ప్రయత్నం చేస్తూ ఉండు, ఎన్నింటికి జ్వరం చూశావో ఎప్పటి నుంచి పాలు తగ్గాయో రాసుకుని చెప్పు. వెళ్ళాక ఇక్కడ రాయి.

యానాం కొత్తమ్మ:

మా అన్నయ్య కారు తీస్తున్నాడు సిస్టర్ గారూ, బయలుదేరుతున్నాం.